ఆ ఇకారం ఎవరిది? మత్తయి 6:11 ప్రాజెక్టు డైరీ

1వ రోజు

"మావయ్యా, అనుదినాహారం అంటే రోజూ తినేదే కదా? మళ్ళీ 'నేడు' ఎందుకు?"

అడిగింది మా మేనకోడలు. తొమ్మిదేళ్ళది. ప్రభువు ప్రార్థన కంఠతా పడుతోంది. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" దగ్గర రెండుసార్లు ఆగి, మూడోసారి నా వైపు తిరిగింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఈ మాటలు పలుకుతున్నాను, నాకు ఒక్కసారీ తట్టలేదు. రోజూ తినేది ఈరోజు ఇమ్మనడమేమిటి? తడుముకుంటే చిన్నతనం అవుతుందని, "మూలం గ్రీకులో ఉంది, చూసి చెప్తాలే" అనేశాను.

రాత్రి కొత్త నోటు పుస్తకం తీశాను. ఒక్క వచనం, ఒక్క పుస్తకం, ఆరు వారాలు. నా గ్రీకు సంగతి దాచడమెందుకు: అక్షరాలు వచ్చు, విభక్తులు సగం వచ్చు, పార్టిసిపుల్స్ (క్రియ నుంచి పుట్టే విశేషణ రూపాలు) దగ్గర చేతులెత్తేసి కోర్సు మానేసినవాణ్ణి. చేతిలో ఉన్నవి ఉచితంగా దొరికే గ్రీకు పాఠం, ప్రతి మాట కిందా అర్థం ఉండే అంతర్‌పంక్తి ప్రతి, స్ట్రాంగ్ నంబర్లు (బైబిలు మూలభాషల్లో ఒక్కో మాటకీ ఇచ్చిన వరస సంఖ్యలు), ఒక లావుపాటి నిఘంటువు, పాత తెలుగు బైబిలు.

2వ రోజు

వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో దించుకున్నాను.

తొన్ అర్తొన్ హేమోన్ తొన్ ఎపియూసియొన్ దొస్ హేమీన్ సేమెరొన్.

దించుతుంటే ముచ్చటేసింది. గ్రీకులో ఎ, ఏలకు వేరు వేరు అక్షరాలు, ఒ, ఓలకూ అంతే. ఎప్సిలాన్, ఈటా, ఒమిక్రాన్, ఒమేగా. తెలుగులో నాలుగూ సిద్ధంగా ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళు నెత్తిన గీతలు పెట్టుకోవాలి, మనకు ఆ బాధ లేదు. (మొదటి శతాబ్దపు జనం అచ్చం ఇలాగే పలికారనుకోకండి. అప్పటికే ఈటా 'ఈ' వైపు జారడం మొదలైంది. ఇది తరగతి గదుల ఉచ్చారణ.)

మాటకు మాట పెడితే: ఆ రొట్టెను, మా, ఆ ఎపియూసియొన్, ఇయ్యి, మాకు, ఈరోజు. ఒక్క గడి ఖాళీ. పెన్సిలుతో చుట్టూ గుండ్రంగా గీశాను.

4వ రోజు

ముందు సులువైనవి కానిచ్చేద్దామనుకున్నాను. అవీ అంత సులువుగా లేవు.

అర్తొస్ అంటే రొట్టె. మత్తయి 4:4లో "మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదు" అన్నచోట ఉన్నదీ ఇదే మాట. అక్కడ రొట్టె, ప్రార్థనలో ఆహారము, యోహాను 6:35లో "జీవాహారము". ఒకే మాటకు రెండు వేషాలు. తప్పేమీ కాదు. హెబ్రీ 'లెహెమ్' కూడా రొట్టెకూ తిండికీ కలిపి వాడే మాటే. కాకపోతే తెలుగులో మాత్రమే చదివేవాడికి ఈ మూడు చోట్లా ఉన్నది ఒకటే మాటని తెలిసే దారి లేదు.

హేమోన్ దగ్గర గ్రీకు కన్నా తెలుగే ఎక్కువ చెబుతోంది. గ్రీకువాడికి 'మా'కూ 'మన'కూ తేడా లేదు, రెంటికీ హేమోనే. తెలుగు అనువాదకుడు రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. మాట్లాడుతున్నది తండ్రితో, తినేది మేము, అందుకని 'మా'. అదే ప్రార్థన మొదట్లో 'మా తండ్రీ' కూడా ఇంతే. మూలంలో లేని గీత ఒకటి మన వ్యాకరణం గీసింది. సరైన చోటే గీసిందని నా అభిప్రాయం.

దొస్. ఇది కనబడగానే చుట్టం ఎదురొచ్చినట్టయింది. 'ఇస్తున్నాను'కి గ్రీకులో దిదోమి, సంస్కృతంలో దదామి. దానం, దాత, "భిక్షాం దేహి"లోని దేహి, అన్నీ ఆ కుటుంబమే. ఇక్కడి దొస్ పొట్టి మాట. 'దయచేయుము'లోని వంగి నమస్కరించే మర్యాద అందులో లేదు, ఉత్త 'ఇయ్యి'. లూకా 11:3లో మాత్రం దొస్ బదులు దిదూ ఉంది, సేమెరొన్ బదులు 'తొ కథ్ హేమెరాన్', అంటే దినదినము. దొస్ 'ఇయ్యి' అయితే దిదూ 'ఇస్తూ ఉండు'. వ్యాకరణ పుస్తకాలు ఈ తేడాకి రెండు పేజీలు తీసుకున్నాయి. 'ఇయ్యి', 'ఇస్తూ ఉండు' అని పక్కపక్కన రాసుకుంటే తెలుగువాడికి పని అయిపోతుంది.

పిల్ల ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉందేమో. మత్తయి ఈరోజు ఇమ్మంటున్నాడు, లూకా రోజూ ఇస్తూ ఉండమంటున్నాడు. మరి ఇద్దరిలోనూ మధ్యలో కూర్చున్న ఆ ఎపియూసియొన్ ఏమిటి?

7వ రోజు

స్ట్రాంగ్ నంబరు 1967. కొత్త నిబంధన మొత్తంలో రెండే చోట్ల ఉంది: మత్తయి 6:11, లూకా 11:3. అంటే రెండూ ఈ ప్రార్థనలోనే. మూడోది కావాలంటే కొత్త నిబంధన బయట 'దిదఖే' అనే తొలి సంఘపు పుస్తకంలో ఉంది. అక్కడా ఇదే ప్రార్థన.

ఒక మాట అర్థం కావాలంటే పదిచోట్ల ఎలా వాడారో చూడాలని చదువుకున్నాం. ఇక్కడ పదిచోట్లు లేవు. క్రైస్తవ రచనలు వదిలేసి మిగతా ప్రాచీన గ్రీకంతా గాలించినా ఖాయంగా ఇదే అనదగ్గ ప్రయోగం ఒక్కటీ దొరకలేదట.

ఈ గోడకి మొదట తల కొట్టుకున్నవాణ్ణి నేను కాదు. మూడో శతాబ్దంలో ఒరిగెన్ అనే క్రైస్తవ పండితుడు ప్రార్థన గురించి రాస్తూ ఇక్కడే ఆగాడు. గ్రీకు పండితులెవరూ ఈ మాట వాడలేదు, మామూలు జనం నోటా లేదు, సువార్తికులే కల్పించినట్టుంది అంటాడు. గ్రీకు అతని మాతృభాష, అలెగ్జాండ్రియాలో పెరిగాడు. ఆయనకే తెలియని మాటని 'మూలంలో చూసి చెప్తాలే' అన్నాను.

10వ రోజు

ఈరోజు తిక్క పని జరిగింది.

పాత వ్యాఖ్యాన గ్రంథంలో బ్రహ్మాండమైన సమాచారం దొరికింది. ఈజిప్టులో హవారా దగ్గర ఫ్లిండర్స్ పీట్రీ అనే పురాతత్వవేత్త తవ్వకాల్లో పపైరస్ (రెల్లు కాగితం) ముక్కలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఇంటి ఖర్చుల చిట్టా. 1889లో ఆర్చిబాల్డ్ సేస్ దాన్ని చదివి అచ్చువేశాడు. అందులో ఒక పద్దు దగ్గర 'ఎపియూసి...' అని సగం మాట. ఇంకేముంది, సరుకుల చిట్టాలో ఉందంటే రోజువారీ బత్తెమే అయ్యుంటుంది అని తేల్చేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎక్కడో వేదాంతుల మధ్య ఇరుక్కున్న మాట వంటింటి లెక్కల్లో దొరకడం! నోటు పుస్తకంలో రెండు పేజీలు నింపాను. సాయంత్రం అక్కకి ఫోను చేసి మరీ చెప్పాను.

11వ రోజు

ఆ రెండు పేజీలూ అడ్డంగా కొట్టేశాను.

ఆ పపైరస్ అచ్చయ్యాక ఎటు పోయిందో వందేళ్ళ పాటు ఎవరికీ తెలియదు. సేస్ చదువును సరిచూసుకునే వీల్లేక అందరూ దాన్నే ఎత్తి రాసుకున్నారు. చివరికి 1998లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు బైనెకీ లైబ్రరీలో దొరికింది. నైమన్, వోర్ప్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని మళ్ళీ చదివి 1999లో ప్రకటించారు: అక్కడున్నది 'ఎపియూసి' కాదు, 'ఎలైయూ'. అంటే నూనె. ఖర్చుల చిట్టాలో నూనె పద్దు.

నా పొరపాటు నేను రాసుకోవాలి. వ్యాఖ్యానం ఏ కాలంలో అచ్చయిందో చూడకుండా నమ్మాను. ఇకనుంచి ఏ పుస్తకం నుంచి ఏం దించుకున్నా పక్కన సంవత్సరం వెయ్యాలి. అక్కకి మళ్ళీ ఫోను చేస్తే, "నూనా? నిన్న బత్తెం అన్నావు కదరా" అని నవ్వింది.

15వ రోజు

చేతిరాత ప్రతిని చూడాలనిపించింది. నాలుగో శతాబ్దపు గ్రీకు బైబిలు ప్రతి కోడెక్స్ సైనాయిటికస్ బొమ్మలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. పేజీకి నాలుగు నిలువు వరుసలు. అన్నీ పెద్దక్షరాలు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు, మన తాళపత్రాల్లాగే. వచనం వెతుక్కోవడానికే ముప్పావుగంట పట్టింది. అర్తొన్ దొరికింది, తర్వాత హేమోన్, తర్వాత తొన్, తర్వాత వరసగా ఎ, ప, ఇ, ఒ, ఉ, స, ఇ, ఒ, న. (గ్రీకులో ఒ, ఉ పక్కపక్కన చేరితే 'ఊ' అని చదువుతారు.) తెర మీద పెద్దది చేసి చాలాసేపు చూశాను. మొదటి ఇకారం ఒక నిలువు గీత, అంతే.

ఆ గీత దగ్గరే తగువంతా ఉందని అప్పటికి నాకు తెలియదు.

18వ రోజు

నిఘంటువు రెండు దారులు చూపించింది.

ఒకటి: ఎపి అనే ఉపసర్గ + ఊసియా. ఊసియా అంటే ఉనికి, 'ఉండు' అనే క్రియ నుంచి పుట్టింది. అప్పుడు 'ఉనికికి కావలసిన', 'బతకడానికి సరిపడే' రొట్టె. ఒరిగెన్ ఈ దారే పట్టి ఆత్మీయమైన ఆహారం దాకా వెళ్ళాడు.

రెండు: ఎపియూసా. ఇది నిజంగా వాడుకలో ఉన్న మాట, స్ట్రాంగ్ నంబరు 1966, మనదానికి పక్కింటిది. 'పైకి వచ్చే, రాబోయే' అని అర్థం, రోజుతో కలిపి వాడతారు. అపొస్తలుల కార్యములు 7:26, 16:11, 20:15, 21:18లో తెలుగు బైబిలు దీన్నే 'మరునాడు' అంది. అప్పుడు 'రాబోయే రోజుకి' రొట్టె.

తమాషా ఏమిటంటే, గ్రీకులో 'ఉన్నాను', 'వెళ్తాను' రెండూ ఎయిమి. స్వరచిహ్నం ఒక్కటే తేడా. సంస్కృతం తెలిసినవాళ్ళకి ఇద్దరూ పాతవాళ్ళే. ఒకటి అస్తి, సత్‌ల చుట్టం, ఇంకోటి ఏతి, అయనంల చుట్టం. అంటే తగువు సత్తుకీ అయనానికీ మధ్య. నేను కోర్సు మానేసిన ఆ పార్టిసిపుల్సే ఇక్కడ కావాలి: ఉండేది ఊసా, వెళ్ళేది ఇయూసా. వదిలేసిన పాఠం వెతుక్కుంటూ వచ్చి మరీ పట్టుకుంది.

20వ రోజు

తెలుగు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకి గ్రీకు ఒక్క ముక్క రాదు. నోటు పుస్తకం చేతికిచ్చి ఎపియూసియొస్ (ఎపియూసియొన్‌కి ప్రథమా విభక్తి రూపం) చూపించాను. కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏమి, అంటివి. కలిపి చెప్పవోయ్."

"ఏమంటివి."

"ఇంకోలా?"

"ఏమియంటివి."

"ఆ యకారం ఎప్పుడొచ్చింది?"

"సంధి జరగనప్పుడు, మాస్టారూ."

"మరి నీ గ్రీకు మాటలో యకారం రాసుకొచ్చావే. ఎపి, ఊసియ. సంధి జరగలేదని నువ్వే తేల్చేశావన్నమాట. మీ గ్రీకులో ఇకారానికి సంధి ఉందా లేదా?"

ఉంది. ఎపి తర్వాత అచ్చు వస్తే మామూలుగా ఆ ఇకారం పోతుంది. ఎపి + ఎర్ఖొమై అంటే ఎపెర్ఖొమై. ఎపి + అంగెలియా అంటే ఎపంగెలియా. ఆ లెక్కన ఎపి + ఊసియా 'ఎపూసియొస్' కావాలి, అలా కాలేదు. అదే రెండో దారిలో అయితే చిక్కే లేదు: ఎపిలో ఇకారం పోయి ఎప్ మిగిలింది, దాని పక్కన ఇయూసా చేరింది. ఇకారం కనిపిస్తోంది కానీ అది ఎపిది కాదు, 'వెళ్ళు' అనే క్రియది.

మాస్టారికి చెబితే చేత్తో మోకాలి మీద కొట్టుకున్నారు. "చూశావా, యకారం రెండు దారుల్లోనూ వస్తుంది. నీ పేచీ అంతా దాని ముందున్న ఇకారం ఎవరిదనే."

ఇంటికొచ్చి ఎదుటి పక్షం వాదన కూడా రాసుకున్నాను, న్యాయం కదా. 'పెరియూసియొస్' అనే మాట ఉంది. తీతు 2:14లో దేవుని సొత్తైన ప్రజల గురించి చెప్పేచోట వస్తుంది. అందులో ఇకారం పోలేదు, ఒరిగెన్ కూడా దీన్నే చూపించాడు. కానీ పెరి ఎపిలాంటిది కాదు. దాని ఇకారం మామూలుగానే పోదు. ఇంకో సాక్షి 'ఎపియెయికేస్', ఫిలిప్పీ 4:5లో 'సహనము' అన్న మాటకి మూలం. ఇందులో ఎపి ఇకారం నిలబడింది. దానికో కథ ఉంది: ఎయికేస్‌కి ముందు ఒకప్పుడు వకారం ఉండేది. అక్షరం పోయాక కూడా అడ్డుగోడ మిగిలిపోయింది. ఊసియాకి అలాంటి గతం లేదు.

నా తూకం రెండో దారి వైపు మొగ్గింది. తీర్పని రాయలేదు. సంధి నియమాలు తప్పే మాటలు ఏ భాషలోనైనా ఉంటాయి, కొత్తగా కల్పించిన మాటైతే మరీనూ.

మత్తయి 5:18లో ధర్మశాస్త్రంలో "ఒక పొల్లయినను ఒక సున్నయైనను" తప్పిపోదని ఉంటుంది. గ్రీకులో పొల్లు ఉన్నచోట ఉన్నది ఇయోతా, అంటే ఇకారమే. ఈ రాత్రి ఆ వచనం చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

26వ రోజు

పాత అనువాదకులు ఏం చేశారు? వారం పట్టింది. అందరూ తలో దారీ పోయారు.

లాటిన్‌లో అంతకుముందు నుంచీ ఉన్నది 'కొతిదియానుమ్', రోజువారీ. నాలుగో శతాబ్దం చివర్లో జెరోమ్ సువార్తలు సవరిస్తూ మత్తయిలో దాన్ని తీసేసి 'సూపర్‌సుబ్‌స్తాన్తియాలెమ్' అని పెట్టాడు. ఎపికి సూపర్, ఊసియాకి సుబ్‌స్తాన్తియా, ముక్కకి ముక్క. అదే మాట లూకాలో వస్తే కొతిదియానుమ్‌నే ఉంచేశాడు. ఒక్క మాట, ఒక్క మనిషి, రెండు అనువాదాలు. పైగా మత్తయి మీద రాసిన వ్యాఖ్యానంలో ఇంకో సంగతి చెప్పాడు: హెబ్రీయుల సువార్త అనే పుస్తకంలో ఈచోట 'మహర్' అని చూశానని, అంటే 'రేపటి' అని. జనం ప్రార్థనలో మాత్రం కొతిదియానుమే నిలిచింది. నోటికి అలవాటైన మాటని పండితుడు కదిలించలేడు.

సిరియా భాషలో పాత ప్రతి ఒకటి 'నిత్యమూ ఉండే' రొట్టె అంది, తర్వాత వచ్చిన పెషిత్తా అనే ప్రతి 'మా అవసరపు' రొట్టె అంది. ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవులు 'రేపటి', 'రాబోయే' అన్నారు. ఇది నాకు ఆసక్తిగా తోచింది. గ్రీకు మాటలు వీధిలో వినబడే దేశం అది.

31వ రోజు

'రేపటి రొట్టె' అని ఒప్పుకుంటే కొత్త చిక్కు. అదే అధ్యాయంలో, 23 వచనాల తర్వాత, "రేపటినిగూర్చి చింతింపకుడి" అని ఉంది. ఇప్పుడే రేపటి తిండి అడిగి, అంతలోనే రేపటి గురించి ఆలోచించొద్దనడమా? ఇంకా పెద్ద ఆక్షేపణ ఇది: 34వ వచనంలో 'రేపు'కి ఔరియొన్ అనే ఎవరికైనా తెలిసిన మాట ఉంది. రేపటిదే కావాలనుకుంటే మత్తయి దాన్ని వాడుకోలేడా?

చిక్కు విప్పింది కార్యములు 23:11. అక్కడ ఎపియూసా రాత్రితో కలిసి వచ్చింది, తెలుగులో 'ఆ రాత్రి' అన్నారు. అంటే క్యాలెండరులో రేపటి తేదీ అని కాదు, ఉన్న క్షణం తర్వాత ఎదురుగా వచ్చేది అని. పొద్దున్నే నిలబడి ఎపియూసా అంటే ఇప్పుడే మొదలవుతున్న ఈరోజు. రాత్రి పడుకోబోతూ అంటే తెల్లారాక వచ్చే రోజు. 19వ శతాబ్దంలో లైట్‌ఫుట్ అనే బైబిలు పండితుడు ఇలాగే వాదించాడు. పొద్దున ప్రార్థన చేసేవాడు 'మొదలవుతున్న రోజుకి తిండి ఈరోజు ఇయ్యి' అంటే అందులో దాచుకోవడం లేదు, ఆత్రం లేదు.

నిర్గమకాండము 16 కూడా తీసి పెట్టుకున్నాను. మన్నా ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మిగిల్చితే పురుగు పట్టేది. ఆరో రోజు మాత్రం రెండింతలు, విశ్రాంతి దినానికీ కలిపి. రేపటి ఆహారం ఈరోజే చేతికి రావడం అక్కడ ఒకసారి కళ్ళెదుట జరిగింది. ప్రార్థనలో మాట దీన్ని తలుచుకునే పుట్టిందని చెప్పే ధైర్యం నాకు లేదు. మార్జిన్‌లో ప్రశ్నార్థకంతో రాసి వదిలేశాను.

35వ రోజు

చివరికి మన 'అనుదినం' దగ్గరికి వచ్చాను. మొదటివారంలో దీన్ని తప్పని కొట్టేద్దామనే ఉబలాటం ఉండేదని ఒప్పుకుంటాను. ఇప్పుడు లేదు. తెలుగు అనువాదకులు రెండువేల ఏళ్ళ తగువులో ఒక పక్షం ఎంచుకున్నారు, అదీ పాత లాటిన్ కాలం నుంచీ వస్తున్న పక్షం.

పైగా 'అను'ని కాస్త గీకి చూస్తే ఇంకో రంగు కనబడింది. అనుజుడు తర్వాత పుట్టినవాడు, అనుచరుడు వెంట వచ్చేవాడు. అనుదినంలో అది 'ప్రతి' అనే అర్థానికి స్థిరపడిపోయింది కానీ, వెంట వచ్చే రోజు అనే నీడ మాటలో ఉంది. కాకతాళీయమే. మాస్టారికి చెబితే, "అంత దూరం లాగకు, తెగుద్ది" అన్నారు.

40వ రోజు

పిల్లకి ఒక కాగితం తయారుచేశాను. పైన గ్రీకు వాక్యం తెలుగు అక్షరాల్లో, కింద పాత తెలుగు వచనం, దాని కింద నేను రాసింది: "రాబోయే రోజుకి మా రొట్టె ఈరోజు మాకు ఇయ్యి." అడుగున ఎపియూసియొన్ విడిగా రాసి, చుట్టూ మళ్ళీ పెన్సిలు గుండ్రం. పక్కన చిన్నక్షరాల్లో: 'ఈ మాట ఇంకెక్కడా లేదు. పెద్దవాళ్ళు ఇంకా వెతుకుతున్నారు.'

ఆదివారం ఇచ్చాను. గ్రీకు వాక్యం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకి చదివింది. నేను రాసింది చూసి, "నేను పాతదే చెప్తాను మావయ్యా, ఇది పాటలా లేదు" అంది.

తర్వాత కాగితం ఇంకోసారి చూసి, "ఇక్కడ ఎపియోసియొన్ అని ఉంది, గుండ్రంలో ఎపియూసియొన్ అని ఉంది. ఏది కరెక్టు?" అని అడిగింది.

పై వరసలో నేనే తప్పు టైపు చేశాను. దిద్ది మళ్ళీ ప్రింటు తియ్యాలి.